సీరియల్ పేజీలు, ఫస్ట్ షో టికెట్లు

వారపత్రికలో సీరియల్ ముగిసిన వారం నుంచి ఇంట్లో అసలు పని మొదలయ్యేది. ఏడాది పొడుగునా అటక మీద దాచిన సంచికలన్నీ కిందికి దించి, పిన్నులు పీకి, సీరియల్ పేజీలు మాత్రం విడదీసి వరసగా పేర్చాలి. ఆ పేజీల వెనకవైపు వారఫలాలో, వంకాయ కూరలో, తలనూనె ప్రకటనో ఉండేవి. అవీ నవలతోపాటే పుస్తకంలోకి వచ్చేసేవి. అంచు నుంచి అరంగుళం లోపలికి మూడు చోట్ల దబ్బనంతో పొడిచి, గట్టి దారంతో కుట్టి, మైదా జిగురుతో అట్ట అంటించేవారు. జిగురు ఉడికేటప్పుడే చిటికెడు మైలతుత్తం వెయ్యాలి. వెయ్యకపోతే రెండు వానాకాలాలు తిరిగేలోపు వెండి పురుగులు వెన్ను తినేస్తాయి. మధ్యలో ఒక వారం సంచిక పోయిందా, ఆదివారం పొద్దున్నే హైదరాబాద్ ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద గోనెపట్టాల ముందు గొంతుక్కూర్చుని వెతకాల్సిందే.

ఇంత తంటాలు పడి నవలను దాచుకున్నవాళ్లు, అది సినిమాగా వచ్చిందంటే మొదటి వారమే ఆర్టీసీ క్రాస్ రోడ్స్ థియేటర్లలో ఉండేవాళ్లు. చిక్కడపల్లి లైబ్రరీలో పుస్తకం చదివి, అక్కణ్ణించి నడుచుకుంటూ వెళ్లి సినిమా చూడగలిగిన ఊరు మనది. ఆట వదిలాక ఇరానీ హోటల్లో పౌనా చాయ్ ముందు కూర్చుంటే అందరి నోటా ఒకటే మాట: "పుస్తకంలో ఇట్లా లేదు." అక్కడితో తీర్పు అయిపోయేది. కథ మార్చేశారు, పాడుచేశారు, అంతే.

చాలాసార్లు ఆ తీర్పు తప్పు. నిరాశపరిచిన సినిమాలు తీసుకుని పుస్తకం పక్కన పెట్టుకుని చూడండి. కథ చాలావరకు అలాగే ఉంటుంది. పేర్లు అవే, పెళ్లిళ్లు అవే, చావులు అవే. పోయింది కథ చెప్పిన గొంతు. అది ఎక్కడ పోతుందో తెలియాలంటే కొంచెం లెక్క కట్టాలి.

రీళ్ల కాలంలో సినిమా మొదట్లో సెన్సార్ సర్టిఫికెట్ తెరమీద పడేది. జనం ఇంకా సీట్లు వెతుక్కుంటూ ఉండేవారు కాబట్టి ఎవరూ చదివేవారు కాదు. దానిమీద రీళ్ల సంఖ్య, మీటర్లలో నిడివి ఉండేవి. 35 ఎంఎం ఫిల్మ్ నిమిషానికి 90 అడుగులు, అంటే సుమారు ఇరవై ఏడున్నర మీటర్లు నడుస్తుంది. 4,500 మీటర్లని ఉంటే రెండు గంటల నలభై నాలుగు నిమిషాల బొమ్మ. అందులో ఆరు పాటలు, ఒక్కోటీ నాలుగు నిమిషాలు. మూడు ఫైట్లకు పన్నెండు నిమిషాలు. కామెడీ ట్రాక్‌కు పావుగంట. ఇవి పోగా కథకు మిగిలేది సుమారు గంటా యాభై నిమిషాలు. సీనుకు రెండు నిమిషాలు వేసుకుంటే యాభై అయిదు సీన్లు. అదే మూడు వందల పేజీల నవలను పైకి చదివితే, పేజీకి రెండు నిమిషాల చొప్పున పది గంటలు పడుతుంది. ఆకాశవాణి 'నవలా స్రవంతి' విన్నవాళ్లకు ఈ తేడా చెవితోనే తెలుసు. అక్కడ రచయిత వాక్యం రచయిత వాక్యంలాగే వినపడేది, ఎవరి మొహమూ అడ్డం వచ్చేది కాదు.

పది గంటల సరుకును గంటా యాభై నిమిషాల్లోకి దింపే పని స్టోరీ సిట్టింగ్స్‌లో జరుగుతుంది. ముందు వన్‌లైన్ ఆర్డర్ రాస్తారు: ఏ సీన్లో ఏం జరుగుతుందో సీనుకో ముక్క. నవలకు మొదటి దెబ్బ ఇక్కడే. "ఆమె కిటికీ దగ్గర కూర్చుని నాలుగు పేజీలు ఆలోచించింది" అన్నది వన్‌లైన్‌లో రాయడానికి రాదు, ఎందుకంటే ఏమీ జరగలేదు. తర్వాత పాత్రలు కలిపేస్తారు. నవల్లో పిన్ని, మేనత్త, పక్కింటి టీచరు ముగ్గురూ మూడు మాటలు చెప్తే, సినిమాలో ఒక్క పిన్నే ఆ మూడూ చెప్తుంది. దాంతో ఆవిడ స్వభావమేమిటో ఎవరికీ అంతుపట్టదు. ఇరవై ఎనిమిదో సీను చుట్టుపక్కల ఇంటర్వెల్ బ్యాంగ్, అంటే విరామం ముందు హాలును కుదిపే మలుపు, పడాలి. వారం వారం ఉత్కంఠతో ఆపిన సీరియల్‌కు ముప్ఫై నలభై చిన్న బ్యాంగులుంటాయి గానీ మధ్యలో పెద్దది ఉండదు కదా. దాన్ని కొత్తగా కట్టాలి. కట్టాక, రెండో సగం దాన్ని మోయలేక చతికిలబడుతుంది. చివరికి మాటల రచయిత చేతికి వచ్చేసరికి ఆ కిటికీ దగ్గరి నాలుగు పేజీలు ఏమయ్యాయని అడిగేవాడు ఉండడు.

అడిగితే పాతరోజుల్లో ఒక ఉపాయం ఉండేది: అంతరాత్మ. అద్దంలోంచో, స్తంభం పక్క నుంచో అదే నటుడు తెల్లబట్టల్లో వచ్చి అసలు మనిషిని నిలదీసేవాడు. కెమెరా కదలకుండా సగం లెన్సు మూసి ఒకసారి, ఫిల్మ్ వెనక్కి తిప్పి రెండో సగం మూసి ఇంకోసారి తీసేవారు. గీత ఎక్కడ కలిసిందో కనపడకపోతే కెమెరామన్ గొప్పవాడు. ఇప్పుడు నవ్వొస్తుంది గానీ, నవల్లోని లోపలి మాటను వదిలెయ్యకుండా ఏదో ఒకటి చెయ్యాలన్న బాధ్యతైనా అందులో కనపడుతుంది. తర్వాత తర్వాత ఆ పని హీరో స్నేహితుడికి అప్పగించారు. "ఏంట్రా అదోలా ఉన్నావ్?" అని వాడు అడుగుతాడు, హీరో పూసగుచ్చినట్టు చెప్పేస్తాడు.

కథ ఉండి గొంతు పోవడానికి 'ఏకవీర'ను మించిన ఉదాహరణ లేదు. విశ్వనాథ సత్యనారాయణ నవల చిన్నదే, కాబట్టి నిడివి వంక పెట్టడానికి లేదు. మధుర నాయక రాజుల కాలం. ఇద్దరు ప్రాణస్నేహితులు, సేతుపతి, వీరభూపతి. ఒకడు ప్రేమించిన అమ్మాయి ఇంకొకడి భార్య అవుతుంది, అతను ప్రేమించిన అమ్మాయి ఇతని భార్య అవుతుంది. 1969లో సి.ఎస్.రావు దర్శకత్వంలో సినిమా వచ్చింది. సేతుపతిగా ఎన్టీఆర్, వీరభూపతిగా కాంతారావు, ఏకవీరగా కె.ఆర్.విజయ, మీనాక్షిగా జమున. మాటలు సి.నారాయణరెడ్డి, సంగీతం కె.వి.మహదేవన్. 'ప్రతి రాత్రి వసంత రాత్రి' అని కృష్ణశాస్త్రి రాస్తే ఘంటసాల, బాలసుబ్రహ్మణ్యం కలిసి పాడారు. ఇంతమంది ఉద్దండులు కలిసినా సినిమా ఆడలేదు.

ఎందుకాడలేదంటే కథ మార్చినందుకు మాత్రం కాదు. ఆ నవల్లో విలన్ లేడు, పోట్లాట లేదు. నలుగురూ మంచివాళ్లే, నలుగురికీ నోరు పెగలదు. భర్త పక్కన కూర్చున్న భార్య మనసులో ఏం నడుస్తోందో చెప్పేది విశ్వనాథే, ఆ మనుషులు కాదు. సినిమాలో విశ్వనాథ లేడు. ఆయన చెప్పవలసిందంతా పాత్రలే చెప్పుకోవలసి వచ్చింది, అదీ సినారె కలం నుంచి వచ్చిన మంచి మంచి మాటల్లో. మాట్లాడలేక కుమిలిపోవడమే కథ అయినప్పుడు, మనుషులు అంత అందంగా మాట్లాడుతుంటే ఇక కుమిలేది ఎక్కడ? మాటలు బాగుండటమే సినిమాకు చేటయింది. పైగా తెరమీద ఉన్నది రామారావు. ఆయన నిస్సహాయంగా పక్కకు చూస్తే, ఎప్పుడు కత్తి దూస్తాడా అని హాలు ఎదురు చూసింది. పాటలు మాత్రం ఇవాళ్టికీ బతికున్నాయి. 'తోటలో నా రాజు' రేడియోలో వచ్చినప్పుడల్లా సినిమా చూడనివాళ్లకు అదొక గొప్ప చిత్రమేమో అనిపిస్తుంది.

యద్దనపూడి సులోచనారాణి నవలల సంగతి ఇంకోరకం. అద్దె పుస్తకాల షాపుల్లో ఆవిడ పుస్తకాలకు అట్ట మీద అట్ట వేసినా ఆరు నెలలు నిలిచేవి కావు. 'మీనా', 'జీవన తరంగాలు' 1973లో, 'సెక్రటరీ' 1976లో తెరకెక్కాయి. డబ్బు పరంగా వీటిని పరాజయాలనలేం, 'సెక్రటరీ' బాగానే ఆడింది. అయినా పాఠకురాళ్లు పెదవి విరిచారు. 'సెక్రటరీ' హీరో అక్కినేనికి అప్పటికి యాభై దాటాయి, గుండె ఆపరేషన్ అయి వచ్చారు. నవల్లోని రాజశేఖరాన్ని ప్రతి అమ్మాయీ తనకు నచ్చిన మొహంతో ఊహించుకుని ఉంది. ఇంతవరకు అందరూ చెప్పేదే. ఇంకో కారణం ఉంది, దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. ఆ సెక్రటరీ జయంతి అతన్ని ఎందుకు దూరం పెడుతుందో పుస్తకం చదివేవాళ్లకు తెలుసు, ఎందుకంటే మనం ఆమె తలలోనే కూర్చుని ఉంటాం. ఆ అభిమానం, ఆ భయం, మళ్లీ మెత్తబడిపోవడం అంతా లోపలే. కెమెరా బయట నిలబడి చూస్తుంది కాబట్టి అదే ప్రవర్తన వాణిశ్రీ మొహం మీద పొగరుగా కనపడింది. ఆవిడ నటనలో లోపం లేదు. కథ ఎవరి వైపు నుంచి చెప్పాలన్నది మారిపోయింది. నవలకు పేరు తెచ్చిన సెక్రటరీ, తెరమీద హీరో జయించవలసిన సెక్రటరీ అయింది.

కోడూరి కౌసల్యాదేవి ఈ విషయంలో అదృష్టవంతురాలు. ఆవిడ 'చక్రభ్రమణం' 1964లో 'డాక్టర్ చక్రవర్తి' అయింది. ఆదుర్తి సుబ్బారావు, ఆత్రేయ, అప్పుడే సినిమాల్లోకి వచ్చిన గొల్లపూడి మారుతీరావు కూర్చుని దాన్ని తిరగరాశారు. ఉత్తమ చిత్రంగా మొదటి నంది దానికే వచ్చింది. శ్రీశ్రీ 'మనసున మనసై' ఎన్నో పేజీల ఆలోచనల పని ఒక్క పాటలో చేసేసింది. తెలుగు సినిమా దగ్గర నవల లోపలి గొంతుకు సరైన పనిముట్టు ఏదైనా ఉంటే అది పాటే. ఆరు పాటలు అడ్డమని అనుకుంటాం గానీ, రాసేవాడు గట్టివాడైతే అవే కాపాడతాయి. 1953 'దేవదాసు' నిలబడింది కూడా సముద్రాల పాటల మీదే. శరత్ నవల్లో రచయిత దేవదాసు మీద జాలిపడతాడు, విసుక్కుంటాడు. ఆ పని 'జగమే మాయ' చేసింది. అదే కథను 1974లో రంగుల్లో కృష్ణ, విజయనిర్మలతో తీస్తే జనం తిప్పికొట్టారు. రెండోదానిలో నవల తక్కువైందని కాదు, మొదటి సినిమానే జనానికి మూలగ్రంథం అయిపోయింది.

అన్నట్టు, ఒక వింత. 1960లో 'చివరకు మిగిలేది' అని సావిత్రి సినిమా వస్తే, బుచ్చిబాబు నవలేనని వెళ్లి అందులోని హీరో దయానిధి ఎప్పుడొస్తాడా అని చూసినవాళ్లు ఉన్నారు. అది బెంగాలీ 'దీప్ జ్వేలే జాయ్' సినిమాకు తెలుగు. నవలకూ దానికీ పేరు తప్ప ఏ చుట్టరికమూ లేదు.

ఎనభైల్లో యండమూరి వీరేంద్రనాథ్ నవలలు వచ్చాక లెక్క మారింది. 'అభిలాష' (1983) పుస్తకంలో ఎలా పరిగెత్తిందో తెరమీదా అలాగే పరిగెత్తింది. ఉరిశిక్ష రద్దు కోసం చెయ్యని హత్యలో తానే ఇరుక్కునే లాయరు. వాయిదాలు, సాక్ష్యాలు, ఉరికంబం, అన్నీ బయట జరిగేవే. అలాంటి నవల సగం స్క్రీన్‌ప్లే రాసి ఇచ్చినట్టే. కానీ ఆయన నవలలన్నీ అలాంటివి కావు. 'తులసిదళం' ఆంధ్రభూమి వారపత్రికలో వస్తున్నప్పుడు జనం భయపడింది చేతబడికి కాదు, అది చేతబడో, జబ్బో, మనిషి కుట్రో తేలకపోవడానికి. ఒక వారం డాక్టరు మాట నమ్మబుద్ధయ్యేది, మరుసటి వారం మంత్రగాడి మాట. ఇలాంటి కథను సినిమాగా తీస్తే మొదటి పది నిమిషాల్లోనే పుర్రె, ఎర్రలైటు, పొగ పెట్టేస్తారు. కంటితో చూశాక ఇంకా అనుమానం ఎక్కడిది? అనుమానం పోయాక భయం పోతుంది, పిల్లలు నవ్వడం మొదలుపెడతారు.

రచయితే దర్శకుడైతే ఈ బాధ తప్పుతుందని అనుకున్నారు. 1991 సంక్రాంతికి 'స్టువర్టుపురం పోలీస్ స్టేషన్' యండమూరే తీశారు, చిరంజీవి హీరో. ఆడలేదు. నవల రాసిన మనిషికి తన పుస్తకంలో ఏముందో అందరికన్నా బాగా తెలుసు, నిజమే. అందుకే ఏది తెరమీదకు రాలేదో ఆయనకు కనపడదు. రాయకపోయినా ఆయన తలలో అది ఉంటుంది కదా.

దీనికి సరైన జవాబు పక్క రాష్ట్రం నుంచి వచ్చింది. యండమూరిదే 'వెన్నెల్లో ఆడపిల్ల' నవల్లో అమ్మాయి ఫోనులో గొంతు మాత్రమే. చదరంగం ఆటగాడు రేవంత్ ఆమె ఎవరో కనుక్కోవాలి. పాఠకుడికీ ఆమె మొహం తెలియదు, అదే ఆ పుస్తకం కిటుకు. ఏ పేరున్న హీరోయిన్‌ని పెట్టినా టైటిల్ కార్డు దగ్గరే గుట్టు రట్టయిపోతుంది. 1995లో సునీల్ కుమార్ దేశాయి కన్నడంలో 'బెళదింగళ బాలె' తీసినప్పుడు ఆ అమ్మాయి మొహం చూపించనే లేదు. అనంత్ నాగ్ టెలిఫోన్ పట్టుకుని మాట్లాడుతుంటాడు, అటువైపు గొంతు. హీరోయిన్ మొహం లేకుండా పోస్టరు వెయ్యగల నిర్మాత దొరకడమే అక్కడ అసలు విశేషం.

మన దగ్గరా తెగించినవాళ్లు లేకపోలేదు. కృష్ణచందర్ ఉర్దూ నవల 'జబ్ ఖేత్ జాగే'లో రాఘవరావు ఉరికి ముందు రాత్రి జైల్లో కూర్చుని తన బతుకంతా తలుచుకుంటాడు. దాన్ని 'మా భూమి'గా తీసినప్పుడు గౌతమ్ ఘోష్, బి.నర్సింగరావు ఆ జైలు రాత్రిని తీసేశారు. హీరో పేరు కూడా మారి రామయ్య అయ్యాడు. పుస్తకానికి విధేయులైతే ఇది ఘోరమే. కానీ తలపోతల బదులు ఊళ్లో మనుషులు, వెట్టి, గడీ, గోచీ బట్టలు నేరుగా వచ్చి నిలబడ్డాయి. నవల్లోని ఒక్క గొంతు స్థానంలో బండి యాదగిరి రాసిన పాట వచ్చింది, గద్దర్ గొంతులో. హైదరాబాద్‌లో ఆ సినిమా చూసి "పుస్తకంలో ఇట్లా లేదు" అన్నవాళ్లు తక్కువ.

ఈమధ్య కాలంలో 'కొండపొలం' చూసినప్పుడు మాత్రం పాత నొప్పి మళ్లీ తెలిసింది. సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి నవల నడిచేది నల్లమలలో. కరువొచ్చి, మేతా నీళ్లూ లేక గొర్రెల మందలను కొండెక్కించిన కాపరులు. పుస్తకంలో పులి కన్నా పని ముఖ్యం. ఏ వంకలో నీళ్లుంటాయి, మంద ఎక్కడ ఆపాలి, చీకట్లో ఏ గొర్రె తప్పిపోయిందో ఎట్లా తెలుస్తుంది అన్నవి చదివి చదివి, కుర్రాడితోపాటు మనమూ అడవి నేర్చుకుంటాం. ధైర్యం అట్లా వస్తుంది, రోజుకింత. 2021లో క్రిష్ తీసిన సినిమాలో నవల్లో లేని ఓబులమ్మ వచ్చింది, రకుల్ ప్రీత్ సింగ్. ప్రేమకు, పాటలకు చోటు ఇచ్చేసరికి ఆ రోజువారీ పని ముక్కలు ముక్కలైంది. కుర్రాడి మార్పు చదువు ఫలితంలాగా కాకుండా సీను ఫలితంలాగా కనపడింది. చిత్రీకరణ చాలావరకు మన వికారాబాద్ అడవుల్లో జరిగింది. మంచి అడవే, ఆదివారం వెళ్లి రావడానికి బాగుంటుంది. నల్లమలలో మనిషిని మింగేసే ఆ లోతు అక్కడ ఎక్కడ దొరుకుతుంది? ఇక గ్రాఫిక్స్ పులి గురించి మాట్లాడకపోవడమే మర్యాద.

ఆ సినిమాలో మిగిలింది తండ్రి పాత్ర వేసిన సాయిచంద్. 'మా భూమి'లో రామయ్య ఆయనే. నాలుగు దశాబ్దాల తేడాతో రెండు నవలలకు మొహం ఇచ్చిన ఈయన 'అసమర్థుని జీవయాత్ర' రాసిన గోపీచంద్ కొడుకు. గోపీచంద్ స్వయంగా దర్శకుడు కూడా. 1950లో 'లక్ష్మమ్మ', తర్వాత 'పేరంటాలు', 'ప్రియురాలు' తీశారు. తన నవల జోలికి మాత్రం పోలేదు. ఆ పుస్తకమంతా సీతారామారావు బుర్రలోనే జరుగుతుంది, అందులో వన్‌లైన్ రాయడానికి పట్టుమని పదిహేను సీన్లు దొరకవు. ఇప్పుడు ఓటీటీలో ఎనిమిది భాగాలు, ఒక్కోటీ ముప్పావుగంట ఇస్తున్నారు కాబట్టి తీస్తే తీయొచ్చు, ఆరు గంటల చోటుంది. అయితే హీరో డేట్ల కన్నా ముందు, వెనక నుంచి ఆ వాక్యాలు చదివే గొంతు ఎవరిదో ఖాయం చేసుకోవాలి. అది దొరక్కపోతే అడ్వాన్సు వెనక్కి ఇచ్చెయ్యడం మేలు.